అప్‌లోడ్ కాగానే మసకబారే చిత్రాలు: ఒక కేటలాగ్ సైట్ కేస్ స్టడీ

వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద నడిచే ఉత్పత్తుల కేటలాగ్ సైట్ ఇది. పేజీల్లో ప్రధానంగా మూడు రకాల చిత్రాలున్నాయి: పైన అడ్డంగా పరుచుకునే బ్యానర్, వరసల్లో పేర్చిన వస్తువుల కార్డులు, లోపలి పేజీల్లో కొలతలు చూపే చార్టులు. ఫిర్యాదు మాత్రం ఒక్కటే. కంప్యూటర్లో తెరిస్తే నిక్కచ్చిగా ఉన్న ఫొటో సైట్లోకి ఎక్కగానే మసకబారుతోంది. అప్పటికే చేసిన వైద్యం కూడా ఒక్కటే: జేపెగ్ క్వాలిటీని 82 నుంచి 100కి పెంచేశారు. పేజీ బరువెక్కింది, మసక అలాగే ఉండిపోయింది.

అందులో వింతేమీ లేదు. ఉన్న పిక్సెళ్లలో ఎంత వివరం వదిలేయవచ్చో క్వాలిటీ అంకె చెబుతుంది. లేని పిక్సెళ్లను అది పుట్టించలేదు. 800 పిక్సెళ్ల చోటులో 512 పిక్సెళ్ల చిత్రాన్ని సాగదీసి పరిస్తే క్వాలిటీ 100 అయినా 60 అయినా చూసేవాడికి మసకే కనిపిస్తుంది. అందుకే క్వాలిటీ అంకెను ఆఖరి అనుమానితుడిగా పక్కన పెట్టి, ఫైలు ఎక్కడెక్కడ చేతులు మారుతోందో ముందు రాసుకోవాలి. ఈ సైట్లో ఆ దారి ఇలా ఉంది: కెమెరా లేదా ఫోన్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్, వర్డ్‌ప్రెస్ తయారుచేసే చిన్న కాపీలు, వాటిని మళ్లీ కుదించే ఆప్టిమైజర్ ప్లగిన్, సీడీఎన్ (ఫైళ్లను చూసేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ), ఏ కాపీ వాడాలో బ్రౌజర్‌కి చెప్పే హెచ్‌టీఎంఎల్, ఎంత చోటులో పరచాలో చెప్పే సీఎస్ఎస్, చివరికి తెర. తప్పు ఒక్కచోటే ఉంటుందనుకుని వెతికితే దొరకదు. ఇక్కడ అయిదు చోట్ల దొరికింది.

పరీక్షకు వాడిన బొమ్మ

మామూలు ఫొటోతో వెతకడం కష్టం. ఫోకస్ తప్పిన ఫొటోకీ, సాగదీసిన ఫొటోకీ తేడా కంటితో చెప్పడం అంత తేలిక కాదు. కాబట్టి 2400×1600 పిక్సెళ్ల పరీక్ష బొమ్మ ఒకటి తయారుచేయాలి. ఒక మూల ఒక్కో పిక్సెల్ వెడల్పున నల్ల, తెల్ల గీతలు పక్కపక్కన. ఇంకో మూల చిన్న అక్షరాలు: వొత్తులు, గుడులు, సున్నలు దగ్గరదగ్గరగా ఉన్న పదాలయితే మంచిది, ముందు ముద్దయ్యేవి అవే. మూడో మూల నలుపు మీద ముదురు ఎరుపు అక్షరాలు. నాలుగో మూల బూడిద రంగు మెల్లగా ముదిరే పట్టీ. దీన్ని పీఎన్‌జీగా ఒకటి, క్వాలిటీ 95తో జేపెగ్‌గా ఒకటి దాచుకుని రెండూ అప్‌లోడ్ చేయాలి.

ఒక పిక్సెల్ గీతలు నిజం దాచలేవు. ఎక్కడైనా సైజు మారితే అవి బూడిద రంగు ముద్దగా, లేదా అలలు అలలుగా మారిపోతాయి. గీతలు నిలిచి వాటి చుట్టూ చిన్న చిన్న మరకలు పడితే సైజు మారలేదు, కంప్రెషన్ మాత్రం జరిగిందని అర్థం. ఎరుపు అక్షరాల అంచులు మాత్రమే అలుక్కుపోతే రంగు సమాచారం తగ్గించారన్నమాట. బూడిద పట్టీ మెట్లు మెట్లుగా విరిగితే కంప్రెషన్ అతిగా ఉంది. ఏ జబ్బుకు ఏ లక్షణమో ఇలా విడిపోతుంది.

పొడవైన వైపు 2560 దాటకుండా 2400 ఎంచుకోవడానికి కారణం ఉంది. వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి, అంటే 2019 నుంచి, వెడల్పు గానీ ఎత్తు గానీ 2560 దాటిన జేపెగ్‌ను తానే తగ్గించి ఫైలు పేరు చివర ‘స్కేల్డ్’ అని చేర్చి, దాన్నే పూర్తి సైజుగా వాడుతుంది. అసలు ఫైలు సర్వర్ మీదే ఉంటుంది గానీ పేజీలోకి రాదు. పీఎన్‌జీలకు ఈ తగ్గింపు వర్తించదు. ఈ ఒక్క అంశాన్ని విడిగా చూడటానికి 4000 పిక్సెళ్ల వెడల్పు కాపీ ఒకటి వేరుగా ఎక్కించాలి.

కొలిచేటప్పుడు మోసపోయే చోటు

బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచి చిత్రం అసలు వెడల్పు, పేజీలో దాని వెడల్పు పోల్చడం అందరూ చేసే పనే. కానీ ఎస్‌ఆర్‌సీసెట్ (బ్రౌజర్ ఎంచుకోవడానికి ట్యాగ్‌లో ఇచ్చే కాపీల జాబితా) ఉన్న చిత్రానికి ‘నేచురల్ విడ్త్’ అడిగితే బ్రౌజర్ ఇచ్చే అంకె ఫైలులోని పిక్సెళ్లది కాదు. సైజెస్ (చిత్రం పేజీలో ఎంత వెడల్పున ఉంటుందో బ్రౌజర్‌కి చెప్పే మాట) విలువ ప్రకారం సాంద్రతతో సరిచేసిన అంకె. సైజెస్‌లో 320 అని తప్పు రాసి ఉంటే, 768 పిక్సెళ్ల ఫైలు వచ్చినా అక్కడ 320 అనే కనిపిస్తుంది. నమ్మదగిన పద్ధతి వేరే ఉంది: ‘కరెంట్ ఎస్‌ఆర్‌సీ’ విలువలో ఉన్న చిరునామాను కొత్త ట్యాబ్‌లో తెరిచి ఫైలు పిక్సెళ్లు చూడాలి. పేజీలో చోటు వెడల్పును తెర పిక్సెల్ నిష్పత్తి డీపీఆర్‌తో (ఒక సీఎస్ఎస్ పిక్సెల్ వెడల్పుకు తెర వాడే నిజమైన పిక్సెళ్ల సంఖ్య) హెచ్చించాలి. రెంటినీ పోల్చాలి. ఫైలు అంకె చిన్నదైతే బ్రౌజర్ సాగదీస్తోందన్నమాట.

మరో రెండు జాగ్రత్తలు. బ్రౌజర్ జూమ్ 100 శాతం ఉండాలి. విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతం ఉంటే డీపీఆర్ 1.25 అవుతుంది, ఆ తెర మీద ఒక పిక్సెల్ గీతలు ఎలాగూ నిలవవు; పరీక్ష డీపీఆర్ 1 లేదా 2 ఉన్న తెర మీదే చేయాలి. ఇక, ఒకసారి పెద్ద కాపీ క్యాష్‌లోకి (బ్రౌజర్ తన దగ్గర దాచుకునే నిల్వలోకి) చేరాక కిటికీని చిన్నది చేసినా బ్రౌజర్ దాన్నే వాడుకోవచ్చు. కాబట్టి ప్రతి కొలతకూ కొత్త ప్రైవేట్ కిటికీ.

బ్యానర్

బ్యానర్ చోటు 1200 సీఎస్ఎస్ పిక్సెళ్లు. డీపీఆర్ 2 తెరకు 2400 కావాలి. థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు) టెంప్లేట్ మాత్రం ‘లార్జ్’ కాపీ చిరునామాను మాత్రమే తీసుకుని ఉత్త ట్యాగ్‌లో పెట్టింది. లార్జ్ అంటే 1024. ఎస్‌ఆర్‌సీసెట్ లేదు కాబట్టి బ్రౌజర్‌కి ఎంచుకునే వీలే లేదు. ఒక్కో పిక్సెల్‌ను 2.34 రెట్లు సాగదీసి పరిచింది. డీపీఆర్ 1 తెర మీద సాగు 1.17 రెట్లే, అంతగా పట్టుబడదు. టెంప్లేట్ రాసినవాళ్లు పాత మానిటర్ మీద చూసి సరేననుకుని ఉంటారు.

దీనికి మందు సులువు. చిరునామాకు బదులు చిత్రం ఐడీ ఇచ్చి పూర్తి ట్యాగ్‌ను తెప్పించే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్ వాడితే ఎస్‌ఆర్‌సీసెట్ దానంతటదే వస్తుంది. అందులోనూ చిన్న మెలిక ఉంది. వర్డ్‌ప్రెస్ ఎస్‌ఆర్‌సీసెట్‌లో చేర్చే కాపీలకు డిఫాల్ట్ పరిమితి 2048 పిక్సెళ్ల వెడల్పు. దాన్ని దాటిన కాపీ ఆ ట్యాగ్‌లో ప్రధాన చిత్రంగా ఉంటే తప్ప జాబితాలోకి రాదు. అందుకని బ్యానర్‌కి ‘ఫుల్’ సైజు అడిగి, సైజెస్‌లో 1200 లోపు తెరలకు పూర్తి వెడల్పు, ఆపైన 1200 పిక్సెళ్లు అని రాయాలి. అప్పుడు 2560 కాపీ కూడా జాబితాలో ఉంటుంది, ఫోన్లు మాత్రం చిన్నవే తీసుకుంటాయి. బ్యానర్‌కి లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చేదాకా చిత్రాన్ని దించకుండా ఆపడం) తీసేయాలి. అది పదునుకు సంబంధించినది కాకపోయినా, మొదట కనిపించే చిత్రాన్ని ఆలస్యం చేయడంలో అర్థం లేదు.

కార్డులు: అసలు చిక్కు ఇక్కడ

ఈ కేసులో ఎక్కువ సమయం తిన్నవి కార్డులు. ఎస్‌ఆర్‌సీసెట్ ఉంది, సైజెస్‌లో 320 పిక్సెళ్లు అని సరిగ్గానే ఉంది, కార్డు వెడల్పు కూడా 320. పైపైన చూస్తే తప్పేమీ లేదు. అయినా మసక.

కార్డు నిలువుగా ఉంది: 320×400. ఫొటోలు అడ్డంగా, 3:2 నిష్పత్తిలో. సీఎస్ఎస్‌లో ‘ఆబ్జెక్ట్ ఫిట్: కవర్’ ఉంది కాబట్టి ఖాళీ మిగలకుండా చోటంతా నిండాలి. ఎత్తు 400 నిండాలంటే 3:2 ఫొటో 600 వెడల్పుకు పెరగాలి. అందులో 280 పక్కలకు కోసుకుపోతుంది. అంటే చిత్రం నిజంగా పరుచుకున్న వెడల్పు 600, బ్రౌజర్‌కి చెప్పింది 320. డీపీఆర్ 2 తెర మీద బ్రౌజర్ 640 కావాలనుకుని, దానికి పైనున్న 768×512 కాపీ తెచ్చుకుంది. కావలసింది 1200×800. 512 వరసలను 800 వరసలుగా సాగదీశారు, 1.56 రెట్లు. సైజెస్ వెడల్పు గురించే మాట్లాడుతుంది, ఎత్తు వల్ల పెరిగే సంగతి దానికి తెలియదు. నిష్పత్తి తేడా ఎంత ఎక్కువైతే మసక అంత ఎక్కువ.

రెండు దారులున్నాయి. సైజెస్‌లో 320 తీసి 600 రాయడం ఒకటి. ఒక్క అంకె మార్పుతో పదును వస్తుంది. కానీ దించుకున్న పిక్సెళ్లలో 47 శాతం దాకా తెర మీదకు రాకుండానే పోతాయి. పేజీకి పదుల కార్డులుంటే అది మంచి బేరం కాదు. రెండోది సర్వర్ మీదే కార్డు ఆకారానికి కోయడం: 320×400, 640×800, 960×1200 మూడు సైజులూ క్రాప్ ఆన్ చేసి రిజిస్టర్ చేయాలి. ఒక్క 640×800 పెట్టి ఊరుకుంటే కుదరదు. ఒకే నిష్పత్తి ఉన్న కాపీలనే వర్డ్‌ప్రెస్ ఒక ఎస్‌ఆర్‌సీసెట్‌లో కలుపుతుంది, కాబట్టి 4:5 కుటుంబం మొత్తం ఉండాలి. ఈ సైట్‌కి రెండో దారే ఎంచుకున్నారు.

అందులోనూ ఒక గొయ్యి. వర్డ్‌ప్రెస్ క్రాప్ చిత్రాన్ని పెంచదు. 1200×700 ఫొటో వస్తే 640×800 బదులు 640×700 కాపీ చేస్తుంది. నిష్పత్తి చెడింది, కాపీ కుటుంబం నుంచి బయటికి పోయింది, ఆ కార్డు మళ్లీ మసక. కాబట్టి కార్డు ఫొటోకి కనీస కొలత 960×1200 అని నియమం పెట్టాలి. నియమం కాగితం మీద ఉంటే ఎవరూ చూడరు. అప్‌లోడ్‌కి ముందు నడిచే ‘హ్యాండిల్ అప్‌లోడ్ ప్రీఫిల్టర్’లో కొలతలు చూసి, తక్కువైతే ఎంత కావాలో, వచ్చింది ఎంతో రెండంకెలూ చూపించి వెనక్కి పంపాలి. ‘చిత్రం సరిపోదు’ అని మాత్రం చెబితే మనుషులు అదే ఫొటోని ఎడిటర్‌లో సాగదీసి మళ్లీ పంపుతారు.

వ్యాసాల మధ్య చిత్రాలు

పాత పేజీల్లో రాసేవాళ్లు చిత్రాన్ని ‘మీడియం’ సైజులో చొప్పించారు, 300×200. థీమ్ సీఎస్ఎస్ దాన్ని 720 కాలమ్ నిండా పరిచింది. వర్డ్‌ప్రెస్ రాసిన సైజెస్ మాత్రం 300 దగ్గరే ఆగింది. డీపీఆర్ 2 తెర 768 కాపీ తెచ్చుకుని 1440కి సాగదీసింది, దాదాపు 1.9 రెట్లు. డీపీఆర్ 1 తెర 300 కాపీనే తెచ్చుకుని 720కి, అంటే 2.4 రెట్లు. ఇక్కడ మామూలు మానిటర్ ఉన్నవాళ్లే ఎక్కువ మసక చూశారు, బ్యానర్‌కి పూర్తిగా తిరగబడిన లక్షణం. ‘నా తెర మీద బాగానే ఉంది’ అన్న మాట ఈ రెంటిలో దేనికీ సాక్ష్యం కాదు.

దీనికి తోడు వర్డ్‌ప్రెస్ 6.7 నుంచి లేజీ లోడ్ అయ్యే చిత్రాల సైజెస్ ముందు ‘ఆటో’ చేరుస్తోంది. ఆ మాట అర్థమయ్యే బ్రౌజర్ రాసిన అంకెను వదిలేసి పేజీలో నిజమైన వెడల్పు చూసుకుని సరైన కాపీ తెచ్చుకుంటుంది. అర్థం కానిది 300నే నమ్ముతుంది. ఒకే పేజీ ఒక బ్రౌజర్‌లో నిక్కచ్చిగా, ఇంకోదాంట్లో మసకగా కనిపించడానికి కారణం ఇదే. ఆటోను నమ్ముకుని తప్పు సైజెస్‌ను వదిలేయకూడదు.

పేజీలన్నీ తెరిచి చిత్రాలు మళ్లీ చొప్పించనక్కర్లేదు. సైజెస్‌ను లెక్కగట్టే ఫిల్టర్‌లో (వర్డ్‌ప్రెస్ ఇచ్చే విలువను మన కోడ్‌తో మార్చే చోటు) వ్యాసం లోపలి చిత్రాలకు 760 లోపు తెరలకు పూర్తి వెడల్పు, ఆపైన 720 అని రాస్తే చాలు. 300 కాపీ నిష్పత్తే ఉన్న 768, 1024, 1536 కాపీలు ఎస్‌ఆర్‌సీసెట్‌లో ఎలాగూ ఉంటాయి. ఫిల్టర్ అందని చిత్రాలు రెండు రకాలు. ట్యాగ్‌లో ‘డబ్ల్యూపీ ఇమేజ్’ తర్వాత ఐడీ ఉండే క్లాస్ పోయినవి: వేరే చోటి నుంచి హెచ్‌టీఎంఎల్ అతికించినప్పుడు ఇలా జరుగుతుంది, ఐడీ తెలియక వర్డ్‌ప్రెస్ ఎస్‌ఆర్‌సీసెట్ చేర్చదు. 150×150 థంబ్‌నెయిల్ చొప్పించినవి: చతురస్రంగా కోసేశారు కాబట్టి పెద్ద కాపీలతో నిష్పత్తి కలవదు. ఈ రెండు రకాలనూ డేటాబేస్‌లో వెతికి చేత్తోనే మార్చాలి.

చార్టులు

క్వాలిటీ అంకె నిజంగా దోషి అయిన చోటు ఇదొక్కటే, అదీ సగమే. జేపెగ్ చిత్రాన్ని 8×8 గడులుగా చూస్తుంది. మెల్లగా మారే రంగులకు సరే గానీ, తెలుపు మీద నలుపు అక్షరం లాంటి నిట్టనిలువు అంచు వస్తే గడి అంతటా దుమ్ము చల్లుతుంది. రెండో దెబ్బ రంగు మీద. 4:2:0 పద్ధతిలో వెలుగు పూర్తి వివరంతో, రంగు అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతో నిల్వవుతాయి. ఎరుపు అక్షరానికి వెలుగులో తేడా తక్కువ, రంగులోనే తేడా, అందుకే అదే ముందు అలుక్కుపోతుంది. సర్వర్ మీద చిత్రాల కాపీలు తయారుచేసే ఇమేజ్‌మ్యాజిక్ సాధారణంగా క్వాలిటీ 90 లోపు ఈ రంగు తగ్గింపు చేస్తుంది, ఆ పైన మానేస్తుంది. క్వాలిటీ పెంచాక చార్టులు మాత్రం కాస్త బాగుపడి, ‘పెంచితే పని చేస్తోంది’ అన్న భ్రమ కలిగింది ఇందువల్లే.

చార్టులను జేపెగ్ నుంచి తప్పించడమే సరైన పని. పీఎన్‌జీ లేదా లాస్‌లెస్ (వివరం ఏదీ వదలని) వెబ్‌పీ. మామూలు వెబ్‌పీకి మారితే ఎరుపు అక్షరాల బాధ తీరదు, లాసీ (కొంత వివరం వదిలేసే) వెబ్‌పీ ఎప్పుడూ 4:2:0 లోనే ఉంటుంది. ఏవిఫ్ అనే ఫార్మాట్‌లో 4:4:4, అంటే రంగు కూడా పూర్తి వివరంతో, కుదురుతుంది. నిజానికి కొలతల పట్టిక చిత్రంగా ఉండటమే పొరపాటు. అంకెలున్నవాటిని హెచ్‌టీఎంఎల్ పట్టికలుగా మార్చేశాక చార్టుల్లో మిగిలింది గీతల బొమ్మలే, అవి ఎస్‌వీజీగా (పిక్సెళ్లకు బదులు గీతల లెక్కలు దాచే ఫార్మాట్) ఉంటే ఏ తెర మీదా మసకబారవు. కానీ వర్డ్‌ప్రెస్ ఎస్‌వీజీ అప్‌లోడ్‌ను తనంతట ఒప్పుకోదు, అందులో స్క్రిప్టు దాగే ప్రమాదం ఉంది కాబట్టి. శుభ్రం చేసిన ఫైళ్లను థీమ్ ఫోల్డర్‌లో పెట్టి వాడటం మేలు.

నిలువు పోస్టర్లది వేరే కథ. 900 చోటులో డీపీఆర్ 2కి 1800 చాలని లెక్కేసి 1800×2700 తయారుచేసినా, ఎత్తు 2560 దాటింది కాబట్టి అది 1707×2560 అవుతుంది. సరిగ్గా లెక్కేసి చేసిన ఫైలే మళ్లీ నలిగింది. పీఎన్‌జీ అయితే తప్పించుకునేది. ‘బిగ్ ఇమేజ్ సైజ్ థ్రెషోల్డ్’ ఫిల్టర్‌తో పరిమితిని 3200కి పెంచడం ఇక్కడి నిర్ణయం. పూర్తిగా ఎత్తేయమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. అలా చేస్తే 6000 పిక్సెళ్ల ఫోన్ ఫొటోలు నేరుగా పేజీలోకి దిగుతాయి.

కుదింపు మీద కుదింపు

వర్డ్‌ప్రెస్ ఒకసారి కుదిస్తుంది, ప్లగిన్ ఇంకోసారి వెబ్‌పీగా, సీడీఎన్ మూడోసారి. ఒక్కోటీ విడిగా చూస్తే తేలికైనదే, కానీ ముందువాడు వదిలిన మరకలను వెనకవాడు నిజమైన వివరమనుకుని దాచడానికి బిట్లు ఖర్చుపెడతాడు. గట్టిగా కుదించే పని మూడింటిలో ఒకరికే ఉంచాలి. ఇక్కడ సీడీఎన్ మార్పిడి ఉంచి ప్లగిన్ తీసేశారు, సీడీఎన్‌కి మంచి సరుకు అందేలా వర్డ్‌ప్రెస్ క్వాలిటీని 100 నుంచి 90కి దించారు. అంకెలను ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మోయకూడదు: జేపెగ్ 80, వెబ్‌పీ 80, ఏవిఫ్ 80 మూడూ మూడు వేరే కొలమానాలు. చిత్రాల సైజు, ఫార్మాట్ మార్చే షార్ప్ లైబ్రరీ జేపెగ్‌కి, వెబ్‌పీకి 80 డిఫాల్ట్‌గా పెట్టి ఏవిఫ్‌కి 50 పెట్టింది ఇందుకే.

బరువు తగ్గించాల్సి వస్తే పిక్సెళ్లు తగ్గించడం కంటే క్వాలిటీ తగ్గించడమే మంచిది. రెట్టింపు పిక్సెళ్లున్న ఫొటో క్వాలిటీ 60లో ఉన్నా, డీపీఆర్ 2 తెర మీద దాని మరకలు కంటికి ఆనవు. అక్షరాలున్న చిత్రాలకు ఈ లెక్క చెల్లదు.

అదనపు పదును ప్లగిన్లు ఎవరో అప్పటికే వేసి ఉన్నారు, వస్తువుల అంచుల చుట్టూ తెల్లని గీత అందువల్లే. పదును పెట్టాల్సింది సైజు తగ్గించాక, ఒక్కసారే. ఇమాజిక్ (ఇమేజ్‌మ్యాజిక్‌ను పీహెచ్‌పీకి కలిపే భాగం) ఉన్న సర్వర్ మీద వర్డ్‌ప్రెస్ జేపెగ్ కాపీలకు ఆ పని మెల్లగా తానే చేస్తుంది. ఇమాజిక్ లేకపోతే జీడీ అనే మరో చిత్రాల లైబ్రరీకి మారుతుంది, అది ఈ పదును పెట్టదు, పైగా రంగు ప్రొఫైల్‌ను కూడా వదిలేస్తుంది. డిస్‌ప్లే పీ3 లేదా అడోబ్ ఆర్‌జీబీ లాంటి విశాలమైన రంగుల పద్ధతిలో వచ్చిన ఫొటో ప్రొఫైల్ పోగానే వెలిసినట్టు కనిపిస్తుంది. కొన్ని ఫొటోల విషయంలో ‘మసక’ అన్నది అసలు మసకే కాదు, ఈ వెలిసిన రంగే. ఎక్స్‌పోర్ట్‌లోనే వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చుకుంటే ఏ సర్వర్ అయినా ఫర్వాలేదు.

అమలు చేసిన వరస

ముందు థీమ్ మార్పులు, సైజుల రిజిస్ట్రేషన్, పరిమితి, క్వాలిటీ. తర్వాత పాత చిత్రాలకు కాపీలు మళ్లీ తయారుచేయడం, ఎందుకంటే ఈ సెట్టింగులు కొత్త అప్‌లోడ్‌లకే వర్తిస్తాయి. వర్డ్‌ప్రెస్‌ను టైపు చేసిన ఆదేశాలతో నడిపే డబ్ల్యూపీ సీఎల్ఐలో ‘మీడియా రీజెనరేట్’ ఆదేశం ఉంది. ‘ఓన్లీ మిస్సింగ్’ ఆప్షన్‌తో నడిపితే లేని సైజులే పుడతాయి, ఉన్నవి పాత క్వాలిటీలోనే ఉండిపోతాయి. క్వాలిటీ మారినప్పుడు ఆ ఆప్షన్ లేకుండా నడపాలి. బయటి సైట్లు పాత కాపీలకు లింకు ఇచ్చి ఉంటే ‘స్కిప్ డిలీట్’ జోడించాలి. ప్రతి చిత్రానికీ మూడు కొత్త కాపీలు చేరుతున్నాయి కాబట్టి డిస్కు ఖాళీ ముందే చూసుకుని, ఐడీలను విడతలుగా ఇవ్వాలి. ఫైలు పేర్లు మారవు, అందుకని చివర్లో సీడీఎన్ క్యాష్ తుడవకపోతే పాత మసక కాపీలే చాలాకాలం తిరుగుతుంటాయి, చేసిన పనంతా పని చేయలేదనిపిస్తుంది.

ఆ తర్వాత పరీక్ష బొమ్మను మళ్లీ ఎక్కించి చూస్తే డీపీఆర్ 2 తెర మీద బ్యానర్, కార్డు, వ్యాసం మూడు చోట్లా ఫైలు పిక్సెళ్లు కావలసినదానికి సమానంగానో పైగానో ఉన్నాయి: 2400కి 2400, 640కి 640, 1440కి 1536.

బాగుపడనివి కొన్ని మిగిలాయి. చాట్ యాప్ ద్వారా వచ్చి, అక్కడే కుదించుకుపోయిన ఫొటోలకు సర్వర్ మీద చేయగలిగింది లేదు. ఏఐ అప్‌స్కేలర్‌తో పెంచితే పదును కనిపిస్తుంది గానీ అల్లిక, చెక్క గీతలు కల్పించినవి అవుతాయి, వస్తువును చూసి కొనేవాళ్లకు అది తప్పు సమాచారం. వాటి జాబితా తీసి, అసలు ఫైలును ఈమెయిల్ జోడింపుగానో డాక్యుమెంట్‌గానో తెప్పించమని ఒక్కో వస్తువు పక్కన కావలసిన కొలత రాసి పంపారు. అవి వచ్చేదాకా ఆ కార్డులను 320 బదులు చిన్న అమరికలో చూపిస్తున్నారు.